నాలుగో మంచం గోవిందుది

మా అమ్మమ్మ శారదాంబ మనిషంతా బందరుదే గాని, మోకాళ్ళు రెండూ సిడ్నీవి. పాతవి అరిగిపోతే డాక్టర్లు తీసేసి కొత్తవి వేశారు. "లోపలంతా స్టీలేనమ్మా. మన చెంబుల స్టీలు కాదు, రైలుపట్టాల స్టీలు," అంటూ ఇంటికొచ్చిన ఆడవాళ్ళందరికీ చీర కాస్త పైకెత్తి కుట్ల గుర్తులు చూపించేది. ఆ ఇంటికి ఒకసారి భోజనానికొచ్చి రెండోసారి రానివాళ్ళు ఎవరైనా ఉంటే వంటని అనుమానించక్కర్లేదు.

ఆపరేషన్‌కి ముందు ఆవిడ సిడ్నీలోని హారిస్ పార్కులో మా శాంతి పిన్ని ఇంట్లో మంచానికీ కుర్చీకీ మధ్య బతికింది. కూతురు చెయ్యి అందిస్తే తప్ప స్నానాల గది గడప దాటలేదు. అల్లుడు చలపతి బాబాయి ఎదుట కుంటడం నామోషీ అని, అతను ఆఫీసుకి వెళ్ళేదాకా కాఫీ కూడా తాగకుండా బిగబట్టుకు కూర్చునేది. ఆ రోజుల్లోనే ఒక శనివారం ఆవిడని కారులో హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళారు. ధ్వజస్తంభం పట్టుకుని నిలబడి, పూజారిగారు వింటుండగా, గట్టిగా పైకే అనేసింది.

"స్వామీ, ఈ కాళ్ళు నాకు తిరిగిచ్చావంటే, రెండువేల సంవత్సరం తొలి శనివారానికి మా గుమ్మం నుంచి నీ గుమ్మం దాకా నడిచొస్తాను. మధ్యలో బండెక్కను."

"మనసులో అనుకోవచ్చు కదమ్మా! లోపల అనుకున్నదైతే ఎలాగో సర్దుకునేవాళ్ళం," అని పిన్ని తర్వాత చాలాసార్లు నెత్తి కొట్టుకుంది. పైకి అన్నమాట పైకి అన్నట్టే ఉండిపోయింది. కాళ్ళు వచ్చాయి. వాటి వెనకాలే తొంభై తొమ్మిది డిసెంబరు కూడా వచ్చింది.

ఆ డిసెంబరులో పిన్నీ బాబాయీ మనుషుల్లో లేరు. ఇద్దరిదీ కంప్యూటర్ల ఉద్యోగమే. ముప్పై ఒకటో తారీఖు అర్ధరాత్రి దాటగానే కంప్యూటర్లు ఏడాది చివర రెండు సున్నాలు చూసి పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటాయనీ, కరెంటూ నీళ్ళూ రైళ్ళూ అన్నీ ఆగిపోవచ్చనీ భయం. బాబాయి బియ్యం బస్తాలూ కొవ్వొత్తులూ తెచ్చి పడేశాడు. స్నానాల తొట్టె నిండా నీళ్ళు పట్టి పెట్టాడు. దాంతో ఇంట్లో అందరూ బకెట్టు పక్కన వొంగి నించుని స్నానాలు చేస్తున్నారు. ఆ రాత్రంతా ఇద్దరికీ ఆఫీసులోనే డ్యూటీ.

"ప్రపంచం ఆగిపోయే రోజే దొరికిందా అమ్మా నీకు నడవడానికి?" అంది పిన్ని.

"ఆగిపోతే మీ బళ్ళు ఆగిపోతాయి. నా కాళ్ళకి కంప్యూటరు లేదుగా," అంది అమ్మమ్మ.

పిన్ని ఒక మధ్యేమార్గం చెప్పింది. పగలంతా నడవాలి. సాయంత్రం ఎవరో ఒకరు కారేసుకొచ్చి ఇంటికి తీసుకొస్తారు. పొద్దున్నే మళ్ళీ ఆగినచోటే దింపుతారు. అంగుళం కూడా తగ్గదు.

"రాత్రి ఇంటికొచ్చి నా మంచం మీద నేను పడుకుంటే అది వాకింగే శాంతీ. యాత్రంటే ఇల్లు వదలడం. ఎక్కడ పొద్దుపోతే అక్కడ తల వాల్చాలి."

"ఎక్కడ వాలుస్తావ్? రోడ్డు మీదా?" పిన్నికి కోపం వచ్చింది. "సరే, నా కండిషన్ విను. ప్రతి రాత్రికీ ఎక్కడ పడుకుంటారో ముందే నాకు చెప్పాలి. ఇల్లో, మోటెలో, ఏదో ఒక కప్పు. ఒక్క రాత్రికి చోటు లేకపోయినా సరే, నేనే వచ్చి కారులో వేసుకుపోతా. దట్స్ ఇట్."

"నీ దట్సిట్టుకి నేను సరే," అంది అమ్మమ్మ. ఆ రోజు నుంచి ఆవిడకి దేవుడు ఒకెత్తు, పడక ఒకెత్తు అయింది.

తోడు వస్తామన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు పక్కవీధి రత్నకుమారి. తెనాలి మనిషి. పొద్దుటిపూట టీవీలో వచ్చే ఆస్ట్రేలియా సీరియళ్ళు చూసీ చూసీ తనకి ఇంగ్లీషు పూర్తిగా వచ్చేసిందని గట్టి నమ్మకం. రెండోవారు రామానుజంగారు. రైల్వే గార్డుగా రిటైరై కొడుకు దగ్గరికొచ్చిన పెద్దమనిషి. ఇప్పటికీ గేటు దాటేముందు అటూ ఇటూ చూసి, జేబులోంచి గడియారం తీసి, అప్పుడు గాని కదలరు.

ముగ్గురూ వంటింట్లో కూర్చుని దారి మాట్లాడుకుంటుంటే రత్నకుమారి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో వదినా! మనం ముగ్గురం!"

అందరూ ఉలిక్కిపడ్డారు. ముగ్గురు కలిసి బయల్దేరితే వెళ్ళిన పని కాదు. బందర్లో కాదు, తెనాలిలో కాదు, హారిస్ పార్కులో మాత్రం ఎందుకవుతుంది? దీనికి విరుగుడు మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. నాలుగో మనిషికి బదులు ఒక రాయి సంచిలో వేసుకోవాలి. అమ్మమ్మ లేచి, ఆవకాయ జాడీ మూత మీద బరువుకి పెట్టే నున్నటి రాయి తీసి, కడిగి, బొట్టుపెట్టి బల్ల మీద పెట్టింది. ఎంత కడిగినా దానికి ఆవపిండి వాసన పోలేదు.

"చిన్నది దొరకలేదా అమ్మా? వంతులవారీగా మొయ్యాలి కదా," అన్నారు రామానుజంగారు.

"మనిషికి బదులండీ. మరీ గులకరాయి వేసుకెళ్తే ఏం మర్యాద?" అంది అమ్మమ్మ.

దారి నాలుగు పగళ్ళదీ, మధ్యలో మూడు రాత్రులదీ అని తేలింది. ఇక పడకల వేట మొదలైంది. బాబాయి ఇంటర్నెట్‌లో చూస్తానన్నాడు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఫోను తీగలోంచే రావాలి. అది తిరుగుతుంటే ఫోను పనిచెయ్యదు, అమ్మమ్మ ఫోనెత్తితే ఇంటర్నెట్ తెగిపోతుంది. అమ్మమ్మ ఎత్తుతూనే ఉంది. చివరికి అల్లుడు దండం పెట్టి కంప్యూటరు కట్టేశాడు.

మొదటి రాత్రికి చోటు కొట్లో దొరికింది. గియాసుద్దీన్, కుల్సుం హారిస్ పార్కులో కిరాణా కొట్టు నడుపుతారు. వరంగల్ వాళ్ళు. ఇల్లు పాడ్‌స్టోలో, సరిగ్గా నడక దారిలో. గోంగూర కట్టలు ఏరుతూ అమ్మమ్మ మెల్లగా సంగతి కదిపింది.

"గిదేం అడుగుడు ఆంటీ! ఇల్లు మీదే," అంది కుల్సుం. "గని ఒక్క మాట. రోజాలు నడుస్తున్నయ్. తెల్లారకముందే సహరీకి లేస్తం. వంటింట్ల గిన్నెల చప్పుడైతది. మీకు నిద్ర కరాబైతదేమో."

అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. "ఎండెక్కకముందే బయల్దేరదామని మేమూ అప్పుడే లేవాలమ్మా! నువ్వు లేపకపోతే మమ్మల్ని లేపేవాళ్ళెవరు?"

"గట్లయితే అలారం పైసల్ కూడా తీస్కుంట," అని కుల్సుం నవ్వింది.

రెండో రాత్రి సదర్లాండ్‌లో. అక్కడ ఎన్ని మోటెళ్ళకి ఫోన్ చేసినా అవతల నవ్వే సమాధానం. రెండువేల సంవత్సరం బాణసంచా చూడ్డానికి దేశమంతా సిడ్నీకి వస్తుంటే గదులెక్కడివి? చివరికి డోరీన్ అనే ఆవిడ నడిపే చిన్న మోటెల్లో ఒక్క గది మిగిలిందని తెలిసింది. నాలుగు మంచాల ఫ్యామిలీ రూము. నలుగురుంటేనే ఇస్తుందిట, ముగ్గురికి ఇవ్వదుట.

అమ్మమ్మ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "రత్నం, నలుగురైతేనే ఇస్తానంటోంది."

"నలుగురమేగా వదినా?" అంది రత్నకుమారి. ఇద్దరూ కలిసి బల్ల మీది రాయి వైపు చూశారు.

"ఎస్ ఎస్. ఫోర్ పీపుల్," అంది అమ్మమ్మ. డోరీన్ పేర్లడిగింది. ముగ్గురివి చెప్పాక నాలుగో పేరు దగ్గర అమ్మమ్మ నాలిక మీదికి స్వామే వచ్చాడు. "గోవిందు." ఇంటిపేరు అడిగితే, అబద్ధం ఎందుకని, "రాయి," అంది. "మిస్టర్ గోవిందు రాయి, లవ్లీ," అని డోరీన్ నాలుగు మంచాలూ ఖాయం చేసింది.

మూడో రాత్రి దగ్గర బండి ఆగిపోయింది. సదర్లాండ్ దాటాక ఊళ్ళు పలచబడిపోతాయి. అటు అడవి, ఇటు అడవి, మధ్యలో హైవే, పక్కన రైలుపట్టా. వాటర్‌ఫాల్ అనే చోట కాసిని ఇళ్ళు, ఒక స్టేషను. మోటెలూ లేదు, సత్రమూ లేదు. పిన్ని రోజూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగేది. "మూడో రాత్రి ఏమైంది?"

అమ్మమ్మ టెలిఫోన్ డైరెక్టరీ ఒళ్ళో పెట్టుకుంది. కొత్త దేశంలో మనవాళ్ళని వెతకాలంటే అప్పట్లో అందరూ చేసే పనే ఇది. రావులు, రాజులు, రెడ్లు ఎక్కడున్నారో వేలుపెట్టి చూసుకుంటూ పోవడం. ఆ దారిలో రావుల్లేరు. రాజుల్లేరు. ఎంగడీన్‌లో మాత్రం ఒక రెడ్డి దొరికాడు. అమ్మమ్మ ఆనందం పట్టలేక ఫోన్ ఎత్తగానే తెలుగులో దంచేసింది.

"నమస్కారమండీ రెడ్డిగారూ! మీది కడపా, నెల్లూరా?"

అవతల ముసలాయన కాసేపు ఆలోచించి, తమ తాతలది ఐర్లండ్ అనీ, అక్కడా రెడ్లున్నారనీ, తను మాత్రం కుళాయిలు బాగుచేస్తాననీ చెప్పాడు. ఏదైనా కారుతోందా అని కూడా అడిగాడు పాపం.

వాటర్‌ఫాల్ దగ్గర ఒకే ఒక్క నాయుడు తగిలాడు. ఈసారి అమ్మమ్మ జాగ్రత్తపడి ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. ఈ నాయుడు ఫిజీ నాయుడు. చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కిన తాత ఏ ఊరివాడో కూడా తెలీదు, తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా సంగతంతా విని, "గుడికి నడిచెళ్ళేవాళ్ళకి చోటు లేదంటానా ఆంటీ? నా గరాజులో నలుగురికీ పరుపులేయిస్తాను," అన్నాడు. నలుగురనే చెప్పింది అమ్మమ్మ. మోటెల్లో ఉన్న గోవిందుని మర్నాడు మాయం చెయ్యడం మర్యాద కాదు కదా.

మూడు చోట్లూ విని పిన్ని తన కండిషన్ తీరిందని ఒప్పుకుంది. "ఎలా పట్టావమ్మా ఇన్ని చోట్లు!" అని కూడా అంది. ఆ గోవిందు సంగతి ఎవరూ పిన్నికి చెప్పలేదు. ఆవిడ అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

బుధవారం పొద్దున్నే బయల్దేరారు. అమ్మమ్మ చీర కింద తెల్లటి బూట్లు, నెత్తిన పిన్నిది క్రికెట్ టోపీ. రత్నకుమారి సంచిలో పులిహోర, దద్దోజనానికి పెరుగు. రామానుజంగారి దగ్గర గొడుగూ, కొడుకిచ్చిన మొబైల్ ఫోనూ. ఛార్జి అయిపోతుందని దాన్ని ఆపి జేబులో పెట్టుకున్నారు.

పాడ్‌స్టో చేరేసరికి పొద్దు వాలుతోంది. కుల్సుం గుమ్మంలోనే ఖర్జూరప్పళ్ళ పళ్ళెంతో నిలబడింది. ఇంటివాళ్ళు రోజా విడిచే వేళకి, దారినపోయేవాళ్ళు పులిహోర పొట్లం విప్పే వేళకి ఒక్క నిమిషం తేడా లేదు. తెల్లారకముందు గిన్నెల చప్పుడుకి లేచి చూస్తే, అమ్మమ్మ కోసం కుల్సుం విడిగా కొత్త గిన్నెలో పాలు కాచి పెట్టింది.

"మాకు రోజా, మీకు నడుసుడు. ఎవరికి కష్టమంటవ్ ఆంటీ?" అంది కుల్సుం సాగనంపుతూ.

"నీకే. నాకు నీళ్ళు తాగొచ్చుగా," అంది అమ్మమ్మ.

గురువారం వంతెనలు దాటి, గుట్టలెక్కి దిగి, సదర్లాండ్ చేరారు. డోరీన్ నాలుగు మంచాల మీదా నాలుగు తువ్వాళ్ళు మడిచి పెట్టి ఉంచింది. "నాలుగో ఆయన ఏరీ?" అని అడిగితే రత్నకుమారి నోటి దగ్గరే ఉంది జవాబు. "గోవిందు ఆల్రెడీ ఇన్‌సైడ్." అబద్ధమేమీ లేదు. సంచి అప్పటికే గదిలో ఉంది. అమ్మమ్మ రాయిని నాలుగో మంచం మీద దిండు పక్కన పెట్టింది. పొద్దున నాలుగు పళ్ళాల్లో రొట్టె ముక్కలొచ్చాయి. గోవిందుది రామానుజంగారు తిన్నారు.

ఆ రొట్టెల వెనకే డోరీన్ ఒక కబురు తెచ్చింది. నాయుడుగారు ఫోన్ చేశాడట. చెప్పాపెట్టకుండా కూతుళ్ళూ మనవలూ బ్రిస్బేన్ నుంచి దిగారట. ఇంట్లో, గరాజులో, ఆఖరికి కారులో కూడా పడుకోవడానికి చోటు లేదట. తను మాత్రం ఆ రోజంతా హైవే పక్కన ఎమర్జెన్సీ వాలంటీర్ల షెడ్డులో డ్యూటీలో ఉంటాడట. అక్కడిదాకా వస్తే నలుగుర్నీ తన వ్యానులో హారిస్ పార్కు దింపేస్తాడట. చాలా బాధపడ్డాడట.

బయట రైలు వెళ్తున్న చప్పుడు. రామానుజంగారు అలవాటుగా గడియారం చూసుకున్నారు.

"రైటు టైముకే వెళ్ళింది," అన్నారు. తర్వాత మెల్లగా, "శారదాంబగారూ, నా మడమ పొక్కింది. చోటా లేదు. స్టేషను ఆ ఎదురుగానే ఉంది. నలభయ్యేళ్ళు రైల్లో తిరిగిన మనిషిని, పక్కనుంచి రైలు పోతుంటే నడవడం నా వల్ల కావడం లేదండీ."

అమ్మమ్మకి కోపం రాలేదు. బూట్ల తాళ్ళు బిగించుకుంటూ చెప్పింది. "మొక్కు నాది. మీరు రైలెక్కినా నేనేమీ అనుకోను. నేను మాత్రం నడుస్తాను."

"చోటు లేకుండానా?"

"అక్కడిదాకా వెళ్ళనీండి. చోటు లేదని ఇక్కడ కూర్చుంటే అక్కడ ఎలా తెలుస్తుంది?"

రత్నకుమారి వేళ్ళు మడిచి లెక్క చూసి కెవ్వుమంది. "వదినా! రామానుజంగారు వెళ్ళిపోతే మనం ఇద్దరం. రాయితో కలిపితే మళ్ళీ ముగ్గురం!"

రాయిని వదిలేద్దామా అంటే, నాలుగో మనిషిగా బొట్టుపెట్టి తీసుకొచ్చినదాన్ని దారిలో వదిలేస్తారా? రామానుజంగారు ఒక బూటు తొడుక్కున్నారు. కాసేపాగి రెండోది కూడా తొడుక్కున్నారు.

"ఈ రాయి నా ప్రాణం తీస్తుంది," అని, ఆ రోజు వంతు తనదే కనక, సంచి భుజాన వేసుకున్నారు.

ఆ శుక్రవారం ఎండ మాడ్చేసింది. రెండువైపులా చెట్లలో కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. పక్కనుంచి కార్లన్నీ అటునుంచి సిడ్నీ వైపు పోతున్నాయి, బాణసంచాకి. ఈ ముగ్గురే ఇటు. కొత్త మోకాళ్ళకి అలుపు తెలీదు గాని వాటి పైనా కిందా ఉన్న పాత కాళ్ళకి తెలుస్తుంది. అయినా అమ్మమ్మ ఆగలేదు. తొడలు వణుకుతుంటే, అల్లుడు వెళ్ళేదాకా కుర్చీలో బిగబట్టుకు కూర్చున్న పొద్దులు గుర్తు తెచ్చుకుని, అడుగు తర్వాత అడుగు వేసింది. రామానుజంగారు కుంటుకుంటూ బాగా వెనకబడ్డారు.

వాలంటీర్ల షెడ్డు రేకుల కప్పుతో హైవే పక్కనే కనబడింది. నారింజ రంగు బట్టలేసుకున్న ఆడా మగా ఒక డజను మంది కుర్చీల్లో కూర్చుని ప్రపంచం ఆగిపోవడం కోసం పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్నారు. ప్రపంచం ఆగలేదు. వాళ్ళకి ఆవలింతలు ఆగలేదు. అమ్మమ్మ తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కోవడం మొదలెట్టింది. ఆ కాసేపట్లో రత్నకుమారి ఇంగ్లీషు పని కానిచ్చేసింది.

నాయుడు ఎదురొచ్చాడు. నెల్లూరు మీసం, ఫిజీ ఇంగ్లీషు. ఇద్దరు ఆడవాళ్ళని చూసి, "మిగతా ఇద్దరూ ఏరీ?" అన్నాడు.

"టూ ఆర్ కమింగ్ బిహైండ్," అంది రత్నకుమారి. "గోవిందు నో వాకింగ్. రామానుజం క్యారీయింగ్."

నాయుడు మొహం మారింది. "మోస్తున్నాడా? ఎలా?"

"ఆన్ షోల్డర్."

"ఆ గోవిందు వయసెంత?"

రాయి వయసు ఎవరికి తెలుసు? రత్నకుమారి నిజాయితీగా ఆలోచించింది. "వెరీ, వెరీ ఓల్డ్."

"మాట్లాడుతున్నాడా?"

"నో నో. నెవర్ స్పీకింగ్."

నాయుడు ఇక నిలబడలేదు. సైరన్ కూసింది. పొద్దుటినుంచీ పనిలేక కూర్చున్న డజను మందీ ఒక్క ఊపున లేచారు. స్ట్రెచరూ, ఆక్సిజనూ, తాళ్ళూ వేసుకుని ట్రక్కు హైవే మీదికి దూకింది. అమ్మమ్మ తడికాళ్ళతో పరిగెత్తుకొచ్చేసరికి దుమ్ము మాత్రం మిగిలింది. ఆ హడావిడిలోనే, ఫోను దగ్గర ఉండిపోయిన నాయుడు ఇంకో మంచిపని కూడా చేశాడు. తన దగ్గరున్న నంబరుకి ఫోన్ చేసి శాంతి పిన్నికి కబురు చెప్పేశాడు.

రామానుజంగారు అప్పటికి రోడ్డు వారన కట్ట మీద కూర్చుని, ఒక బూటు విప్పి, మడమ మీద ఊదుకుంటున్నారు. దీపాలు తిప్పుకుంటూ ట్రక్కొచ్చి ఎదుట ఆగింది. కెప్టెన్ ఒక భారీ మనిషి, ఆడమనిషి. దూకి వచ్చి, గోవిందు ఎక్కడని అరిచింది. రామానుజంగారు అటూ ఇటూ చూసి, సంచిలో చెయ్యి పెట్టి, రాయి తీసి చూపించారు. ఎందుకు తెస్తున్నారో ఓపిగ్గా చెప్పారు. ముగ్గురు, పని, నాలుగో మనిషి.

కెప్టెన్ రాయిని చేతిలోకి తీసుకుంది. బొట్టు చూసింది. వాసన చూసింది. రోడ్డు మీదే కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. తేరుకున్నాక ట్రక్కు ఎక్కమంది. రామానుజంగారు ట్రక్కు వైపు చూశారు, పొక్కిన మడమ వైపు చూశారు.

"శారదాంబగారు ఊరుకోరు," అని బూటు తొడుక్కుని లేచారు.

అలా వచ్చారు షెడ్డుకి. ముందు కుంటుతూ రామానుజంగారు, పక్కన గోవిందుని రెండు చేతుల్లో పట్టుకుని ఒక వాలంటీరు, వెనక దీపాలు తిప్పుతూ నత్తనడకన ట్రక్కు. ఊరేగింపుకి మేళమొక్కటే తక్కువ.

ఇటు షెడ్డులో అమ్మమ్మ చేతిలో ఫోనుంది. అవతల పిన్ని.

"అమ్మా! గోవిందు ఎవరు? రామానుజం అంకుల్ ఎవర్నో మోసుకెళ్తున్నారని చెప్పారు! నా గుండాగిపోయింది!"

"రాయే తల్లీ. ఆవకాయ జాడీ మీది రాయి."

పిన్ని గొంతు గట్టిపడింది. "సరే. ఆ నాయుడు గారింట్లో చోటు లేదటగా? నాకెందుకు చెప్పలేదు? కండిషన్ ఏంటి మనకి? ఆయన్ని వ్యాను తియ్యమను. ఎక్కి వచ్చెయ్. దట్స్ ఇట్."

నాయుడు తాళంచెవులు పట్టుకుని నిలబడే ఉన్నాడు. అమ్మమ్మ షెడ్డంతా కలయజూసింది. అప్పుడు కనబడ్డాయి ఆవిడకి. గోడవారన వరసగా మడతమంచాలు. ఒక్కోదాని మీద దుప్పటి, దిండు. ఒక మూల పెద్ద పాత్రలో వేడినీళ్ళు, టీ కప్పులు.

"ఉండు శాంతీ," అని ఫోను చేత్తో మూసి, అప్పుడే లోపలికొచ్చిన కెప్టెన్‌ని అడిగింది తన ఇంగ్లీషులో. "ఈ మంచాలెవరికమ్మా?"

"ఈ రాత్రి రైళ్ళు ఆగిపోయి, దారిలో చిక్కుకుపోయేవాళ్ళకి. ఇల్లు చేరలేనివాళ్ళకి," అంది కెప్టెన్. "ఒక్కళ్ళూ వచ్చేలా లేరు."

"మేం వచ్చాంగా."

"మీకు నాయుడి వ్యానుంది కదా ఆంటీ. రైళ్ళూ నడుస్తున్నాయి. మీరు ఇల్లు చేరగలరు."

అమ్మమ్మ నిటారుగా నిలబడింది. "చేరలేను. రేపు శనివారం స్వామి గుమ్మం తొక్కితే గాని నేను బండెక్కకూడదు. బండెక్కకుండా ఈ రాత్రికి నా ఇంటికి నేను వెళ్ళగలనా? నువ్వే చెప్పు."

కెప్టెన్ ఆవిడ బూట్ల వైపు చూసింది. గుమ్మంలో కుంటుతున్న రామానుజంగారి వైపు చూసింది. ఆయన ట్రక్కు ఎక్కనన్న వైనం కళ్ళారా చూసిన మనిషి. "వెళ్ళలేరు," అని ఒప్పుకుంది. "ఎంతమంది?"

"నలుగురం," అంది అమ్మమ్మ. ఫోను మీంచి చెయ్యి తీసింది. "శాంతీ, కప్పు కావాలన్నావ్, రేకుల కప్పుంది. ఈ రాత్రికి వాటర్‌ఫాల్ వాలంటీర్ల షెడ్డు. నాలుగు మంచాలు. ఇంకేమైనా కండిషనుందా?"

ఫోనులో మొదట ముక్కు చీదిన చప్పుడు, తర్వాత నవ్వు. "లేదమ్మా. పొద్దున్నే డ్యూటీ దిగి గుడికే వస్తాను. కారు తెస్తాను."

"తే. మొక్కులో తిరుగు ప్రయాణం మాట లేదు."

నాలుగో మంచం మీద గోవిందుని పెట్టి నాయుడే దుప్పటి కప్పాడు. ఆ రాత్రి కరెంటు పోలేదు, నీళ్ళు ఆగలేదు, రైళ్ళు నడిచాయి. ఆ షెడ్డులో మంచాలు వాడుకున్నవాళ్ళు ఆ నలుగురే.

తెల్లవారుతూనే నాయుడు డ్యూటీ బట్టల్లోనే సంచి భుజాన వేసుకుని తోడు నడిచాడు. ఇప్పుడు మనుషులే నలుగురయ్యారు, రాయి అయిదోది. అయినా తిరిగి పంపేద్దామని ఎవరూ అనలేదు. చెట్ల మధ్యనుంచి గోపురం కనబడగానే రామానుజంగారు గడియారం తీసి చూసి, "రైటు టైము," అన్నారు.

ధ్వజస్తంభం దగ్గర శాంతి పిన్ని నిలబడి ఉంది. అమ్మమ్మ ఈసారి స్తంభాన్ని పట్టుకోలేదు. దాని ముందు తన కాళ్ళ మీద తను నిలబడి, "వచ్చాను స్వామీ, నడిచే," అంది, పూజారిగారికి వినబడేలా. ఆయన ఆశ్చర్యపోయి మోకాళ్ళ సంగతి అడిగితే, ఆవిడ చెయ్యి చీర కుచ్చిళ్ళ మీదికి పోయింది. రత్నకుమారి చటుక్కున పట్టుకుని ఆపింది.